చిల్లుపడిన బొక్కెన

పాఠ్యభాగములు: లేవీ. 19:9, 10, ద్వితీ. 15:1–11, అపొ. కా. 6:1–6, 2 కొరింథీ. 8:12–15

పంచవలెనా, పెంచవలెనా అను వాదము మన దేశములో చాల కాలమునుండి వినబడుచున్నది. ఉన్నదానిని అందరికిని సరిసమానముగా పంచినయెడల కష్టపడువాని ఉత్సాహము చల్లారి, కొంతకాలమునకు పంచుటకే ఏమియు మిగలదని ఒకరు చెప్పుదురు. పెంచుటయే చాలునని ఊరకున్నయెడల, పెరిగినదంతయు కలవారి గాదెలలోనికే చేరునని మరియొకరు చెప్పుదురు. ఎన్నికల సభలలో ఈ రెండు మాటలును గట్టిగా వినబడును. సంఘములో మాత్రము మనము తరచుగా మౌనముగా నుందుము. ఏలయనగా భూమి గలవారును, ఆ భూమిలో కూలిపని చేయువారును మన సంఘములలో ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుచున్నారు. మాటలాడినయెడల ఎవరికైనను నొప్పి కలుగునేమోయని వెనుదీయుదుము. అయితే మన మౌనమువలన నొప్పి తగ్గదు. అది ఎవరికి కలుగుచున్నదో కనబడకుండ పోవును, అంతే. కాబట్టి ఈ మాసమున ఈ ప్రశ్నను నెమ్మదిగా పరిశీలింతము.

1. మూడు ఊళ్లు

మొదట లెక్కను స్పష్టము చేసికొందము. పదేసి కుటుంబములు గల మూడు ఊళ్లను మనస్సులో ఊహించుకొనుడి. మొదటి ఊరిలో ప్రతి కుటుంబమునకును ఏటికి 20 బస్తాల ధాన్యము. మొత్తము 200 బస్తాలు. రెండవ ఊరిలో ఒక కుటుంబమునకు 120 బస్తాలు, తక్కిన తొమ్మిదింటికి ఇరువదేసి; మొత్తము 300 బస్తాలు. మూడవ ఊరిలో ఒక కుటుంబమునకు 192 బస్తాలు, తక్కిన తొమ్మిదింటికి పండ్రెండేసి; మొత్తము అదే 300 బస్తాలు.

మొత్తమును మాత్రమే చూచువానికి రెండవ ఊరును మూడవ ఊరును ఒక్కటే. సగటు తీసినయెడల ఇంటికి 30 బస్తాలని రెండింటిని గూర్చియు గొప్పగా వ్రాయవచ్చును. కాని మూడవ ఊరిలో తొమ్మిది ఇండ్లవారు మొదటి ఊరివారికంటె ఆకలిగా నున్నారు. అట్లే, తేడాను మాత్రమే చూచువాడు రెండవ ఊరికంటె మొదటి ఊరే మేలనును. అయితే అక్కడ మొదటి ఊరిలోకంటె తక్కువ తినువాడు ఒక్కడును లేడు. కనుక ఎవరైనను “దేశము ధనవంతమైనది” అని చెప్పినప్పుడు, క్రిందనున్న కుటుంబమునకు ఎన్ని బస్తాలని అడుగవలెను. “అందరును సమానులైరి” అని చెప్పినప్పుడును అదే ప్రశ్న అడుగవలెను.

ఇంకొక సంగతి కలదు. రెండవ ఊరిలోని ధనికుడు తన 120 బస్తాలతో తినుటయే కాదు, అప్పులిచ్చును, పొలములు కొనును, పంచాయితీలో తన మాట నెగ్గించుకొనును. ఇట్లు రెండవ ఊరు కొన్ని సంవత్సరములలో మూడవ ఊరుగా మారవచ్చును. తేడా మితిమీరినప్పుడు అది లెక్కలోని తేడాగా మాత్రమే నిలువదు, అధికారమగును. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరపు విధి చూచినది దీనినే. ఏబదియవ యేట పొలము తన కుటుంబమునకు తిరిగి రావలెను. ధనమునకు అక్కడ హద్దు పెట్టలేదు గాని, ధనము శాశ్వతమైన ప్రభుత్వముగా మారకుండ హద్దు పెట్టబడినది.

2. ధర్మశాస్త్రము ఈ చిక్కును ఎరుగును

బైబిలు వ్రాసినవారికి ఆర్థికశాస్త్రము తెలియదని కొందరు తలంతురు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము చదివినయెడల ఆ తలంపు నిలువదు. ప్రతి యేడవ సంవత్సరాంతమున అప్పులను విడిచిపెట్టవలెనని అక్కడ ఆజ్ఞ యున్నది. ఇది దరిద్రునికి గొప్ప ఉపకారము. కాని ఆరవ యేట ఒక పేదవాడు అప్పునకు వచ్చినయెడల ఏమగును? కొలది మాసములలో ఆ అప్పు కొట్టివేయబడునని ఇచ్చువానికి తెలియును. వాడు ఏదో సాకు చెప్పి తలుపు వేసికొనును. పేదవానికి మేలు చేయుటకు పెట్టిన విధియే, పేదవానికి అప్పు పుట్టకుండ చేయును. తొమ్మిదవ వచనము సరిగా ఈ అపాయమునే ముందుగా చూచి, అట్టి తలంపు హృదయములో పుట్టనియ్యకుడని హెచ్చరించుచున్నది.

ఇక్కడ గమనింపవలసినది రెండు. విధివలన నష్టము కలుగవచ్చునని ఒప్పుకొనినంత మాత్రమున ధర్మశాస్త్రము ఆ విధిని రద్దుచేయలేదు. విధి యున్నది గదాయని మనుష్యులందరు మంచివారైపోవుదురనియు తలంపలేదు.

తరువాతి చరిత్ర కూడ బోధకరముగా నున్నది. హేరోదు కాలమునాటి యూదా బోధకుడైన హిల్లేలు, జనులు ఏడవ సంవత్సరమునకు భయపడి అప్పులిచ్చుట మానివేయుచున్నారని చూచెను. అప్పు పత్రములను న్యాయస్థానమునకు అప్పగించినయెడల అవి ఏడవ యేట రద్దు కాకుండునట్లు ఒక ఏర్పాటు చేసెను. దానికి ప్రోజ్బుల్ అని పేరు. పేదలకు మరల అప్పు పుట్టెను. కాని ఆ అప్పు ఇక విడుదల కాదు. ఒక చేతితో పొందినదానికి మరియొక చేతితో వెల చెల్లించవలసి వచ్చెను. నేటి పండితులు మన ప్రశ్నను గూర్చి చెప్పు మాట ఇదియే.

3. సరిసమానముగా పంచుట పంటను తగ్గించినప్పుడు

1620లో ఇంగ్లాండునుండి మేఫ్లవర్ అను ఓడలో బయలుదేరిన భక్తులును వారితో కూడినవారును అమెరికా తీరమున ప్లిమత్ అను చోట స్థిరపడిరి. మొదటి చలికాలములోనే దాదాపు సగముమంది చనిపోయిరి. వారి ప్రయాణమునకు పెట్టుబడి పెట్టిన లండను వర్తకులతో చేసికొనిన ఒడంబడిక ప్రకారము, పంట యంతయు ఉమ్మడి కొట్టునకు చేరి అందరికిని అందులోనుండియే పంచబడెను. వారి గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ వ్రాసిపెట్టిన చరిత్రనుబట్టి చూడగా, బలముగల యౌవనులు ఇతరుల కుటుంబములకొరకు ఊరక కష్టపడవలసివచ్చినదని సణిగిరి. 1623లో ప్రతి కుటుంబమునకును మనుష్యుల లెక్కచొప్పున కొంత నేల ఇచ్చి, మొక్కజొన్న తమకొరకు తామే పండించుకొనుడని చెప్పిరి. అంతట స్త్రీలు సహితము పిల్లలను వెంటబెట్టుకొని పొలమునకు పోయిరి. మునుపటికంటె ఎక్కువ నేల సాగైనది. వీరిలో అనేకులు తమ విశ్వాసముకొరకు సముద్రము దాటినవారు; అయినను పొలములో మానవస్వభావము మారలేదు.

1978వ సంవత్సరాంతమున చైనాలోని ఆన్హుయ్ రాష్ట్రములో షియావోగాంగ్ అను పేదపల్లెలోనిదియు ఇట్టి కథయే. 1959–1961 నడుమ కలిగిన ఘోరమైన కరవును ఆ ప్రాంతము చవిచూచియుండెను. ఉమ్మడి సేద్యములో పనిచేసినవానికిని చేయనివానికిని భాగములో భేదము స్వల్పము. పదునెనిమిదిమంది రైతులు రహస్యముగా కూడి, ఉమ్మడి పొలమును ఇంటింటికి విభజించుకొని, ప్రభుత్వమునకు ఇయ్యవలసినది ఇచ్చి మిగిలినది తామే ఉంచుకొందుమని కాగితముమీద వ్రేలిముద్రలు వేసిరి. ఎవడైనను చెరసాల పాలైనయెడల వాని పిల్లలను తక్కినవారు పెంచుదుమనియు ఒప్పుకొనిరి. మరుసటి యేటి పంట మునుపటికంటె ఎన్నో రెట్లు హెచ్చినది. కొలది సంవత్సరములలో ఈ పద్ధతి దేశమంతట వ్యాపించినది. తరువాతి నలుబది సంవత్సరములలో చైనాలో దాదాపు 80 కోట్లమంది కటిక దారిద్ర్యమునుండి బయటపడిరని ప్రపంచ బ్యాంకు లెక్క.

అయితే రెండవ ప్రక్కను దాచరాదు. ఆదాయపు తేడాను కొలుచుటకు గిని అను అంకె యున్నది. అది సున్న అయినయెడల అందరికిని సమానము. ఒకటి అయినయెడల అంతయు ఒక్కనిదే. చైనాలో 1980 తరువాతి తొలి సంవత్సరములలో 0.3 ప్రాంతమున నున్న ఆ అంకె, ప్రభుత్వపు లెక్కనుబట్టియే 2008 నాటికి 0.49 వరకు పెరిగినది. ఆకలి తగ్గినది, తేడా పెరిగినది. ఈ రెండును ఒకే కాలములో నిజములే.

4. పంచుట పంటను పెంచినప్పుడు

ఇంతవరకు చదివి, “చూచితిరా, పంచుట చేటు” అని పుస్తకము మూయు చదువరి తొందరపడినవాడగును.

తైవాను ద్వీపములో కౌలురైతులు పంటలో సగమును, కొన్ని చోట్ల అంతకు మించియు, కౌలుగా చెల్లించుచుండిరి. 1949లో ప్రభుత్వము కౌలును ముఖ్యపు పంటలో నూటికి 37.5 వంతులకు మించకుండ తగ్గించెను. 1953లో దున్నువానికే భూమి అను చట్టము చేసి, భూస్వాములు పరిమితికి మించి కలిగియున్న నేలను కొని సాగుచేయువారికి అమ్మెను. భూస్వాములకు వెల ఊరకే ఎగవేయలేదు. పత్రముల రూపమునను, ప్రభుత్వ పరిశ్రమలలో వాటాల రూపమునను చెల్లించెను. తరువాతి దశాబ్దములలో తైవాను వేగముగా వృద్ధిపొందెను. ఆదాయపు తేడాయు తక్కువగా నుండెను. ఆ వృద్ధి యంతయు భూపంపకమువలననే కలిగినదని చెప్పజాలము. కాని పంచుటవలన దేశము బీదది కాలేదనుట స్పష్టము.

పశ్చిమ బెంగాలులో 1978లో ఆరంభమైన ఆపరేషన్ బర్గా మనకు ఇంకను సమీపమైనది. పంటను పాలుకు సాగుచేయు పది లక్షలకు పైగా రైతుల పేర్లు అక్కడ రికార్డులలో ఎక్కించబడినవి. పేరు ఎక్కినవానిని ఊరకే వెళ్లగొట్టరాదు. పెట్టుబడి రైతే పెట్టుకొనినప్పుడు భూస్వామి నాలుగవ వంతునకు మించి తీసికొనరాదు. దీనివలన సేద్యపు దిగుబడి పెరిగినదని అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీశ్ ఘటక్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన పరిశోధనలో చూపిరి. కారణము సులభముగా గ్రహింపవచ్చును. అదనముగా పండిన నాలుగు బస్తాలలో రెండు మాత్రమే తనవని తెలిసినవాడు ఎరువు వేయుటకు వెనుకాడును. మూడు తనవని తెలిసినవాడు ధైర్యముగా వేయును.

ప్లిమత్‌లో పంటను పెంచిన కారణమును, బెంగాలులో పంటను పెంచిన కారణమును ఒక్కటియే యని గమనింపుడి. రెండు చోట్లను కష్టపడినవానికి తన కష్టఫలము దక్కినది. ప్లిమత్‌లో దానిని అడ్డగించినది ఉమ్మడి కొట్టు. బెంగాలులో దానిని అడ్డగించినది భూస్వామి వాటా. కనుక తేడా యున్నచోటనెల్ల అది కష్టమునకు బహుమానమని అనుకొనరాదు. ఒక్కొకచోట తేడాయే కష్టపడువాని చేతులను కట్టివేయును. బడికి పోలేని తెలివిగల పిల్ల, వైద్యము లేక మంచముపట్టిన పనివాడు, పూచీ లేక అప్పు పుట్టని చేతిపనివాడు, వీరందరు దేశముయొక్క మొత్తపు ఐశ్వర్యములోను లోటే. 2014లో అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన ముగ్గురు పరిశోధకులు అనేక దేశముల లెక్కలను పోల్చి చూచి, తేడా తక్కువగా నున్న దేశములలో వృద్ధి వేగముగాను నిలకడగాను ఉండుచున్నదనియు, మితముగా పంచుట సామాన్యముగా వృద్ధికి హానికరము కాదనియు తెలిపిరి.

5. బొక్కెన

1975లో అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడైన ఆర్థర్ ఓకన్ సమానతను గూర్చి వ్రాసిన గ్రంథములో ఒక ఉపమానము చెప్పెను. ధనికులయొద్దనుండి దరిద్రులకు ధనమును ఒక బొక్కెనలో మోసికొని పోవలెను. కాని ఆ బొక్కెనకు చిల్లు కలదు. దారిలో కొంత కారిపోవును. పన్ను వసూలుకు, పంపిణీకి అగు ఖర్చు ఒక చిల్లు. పన్ను భారమువలన ఇచ్చువాని ఉత్సాహము తగ్గుట ఒక చిల్లు. ఊరక వచ్చునని పుచ్చుకొనువాడు పని మానుట మరియొక చిల్లు. ఎంత కారిపోయినను మోయుదురా, ఎంత కారిన పిమ్మట ఆపుదురు అని ఆయన చదువరులనే అడిగెను.

మన దేశములో చిల్లు ఎంత పెద్దది కాగలదో చూచితిమి. 1973–74లో రెండు లక్షల రూపాయలకు మించిన ఆదాయముమీద పన్ను, అదనపు పన్నుతో కలిపి, నూటికి 97 రూపాయల 75 పైసలు. నూరు రూపాయలు అదనముగా సంపాదించినవానికి మిగులునది రెండు రూపాయల పావలా. హెచ్చు పన్నులవలన ఆదాయమును దాచుట ప్రబలుచున్నదని వాంఛూ సంఘము 1971లోనే నివేదించెను. 1974–75లో ఆ పన్ను 77కు తగ్గించబడెను. అంత కఠినమైన పన్ను కాగితముమీద సమానతగా కనబడినను, పేదవాని కుండలోనికి చేరినది కొంచెమే.

దానము చేయు బొక్కెనకును చిల్లులుండును. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని దళిత కుటుంబములవారు వినోబా భావేను 80 ఎకరములు అడిగిరి. అక్కడనే యున్న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇత్తుననెను. అట్లు మన తెలుగు నేలమీద భూదానోద్యమము పుట్టినది. దేశమంతట నలుబది లక్షల ఎకరములకు పైగా దానమని వ్రాసియిచ్చిరి. కాని దానిలో చాల భాగము దున్నువాని చేతికి చేరలేదు. కొంత సాగుకు పనికిరానిది, కొంత తగవులలో చిక్కినది. పోచంపల్లిలో కనబడిన మనస్సు మంచిదే. మనస్సు ఎంత మంచిదైనను బొక్కెనను పరీక్షింపక తప్పదు.

అయితే చిల్లును గూర్చి మాటలాడువారందరు ఒకే ఉద్దేశముతో మాటలాడరు. బేతనియలో అత్తరు పోయబడినప్పుడు, ఇది మూడువందల దేనారములకు అమ్మి బీదలకు ఇయ్యబడలేదేమని అడిగినవాడు యూదా. డబ్బుసంచి వానియొద్దనే యుండెననియు, దానిలోనిది వాడే తీయుచుండెననియు యోహాను వ్రాసెను (యోహాను 12:4–6). బొక్కెన కారుచున్నదని ఫిర్యాదు చేయువాని చేతిలోనే ఒక్కొకప్పుడు చిల్లుండును.

యెరూషలేము సంఘము ఏమి చేసెనో చూడుడి. అనుదిన పంపిణీలో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రు విడువబడుచున్నారని సణుగు పుట్టెను. అది న్యాయమైన ఫిర్యాదు. అపొస్తలులు పంపిణీని మానివేయలేదు; ఫిర్యాదు చేసినవారిని గద్దింపనులేదు. మంచిపేరు గల ఏడుగురిని ఏర్పరచి ఆ పని వారికి అప్పగించిరి. ఆ ఏడుగురి పేర్లన్నియు గ్రీకు పేర్లే. ఎవరి కుండకు నీరు అందలేదో వారి భాష ఎరిగినవారి చేతికే బొక్కెన వచ్చినది. చిల్లు కనబడినప్పుడు బొక్కెనను పారవేయుటయు, చిల్లు లేదని బొంకుటయు కాక, దానిని పూడ్చుట అను మూడవ మార్గము కలదు.

6. మనము నేర్చుకొనదగినవి

మొదటిది: పంచు పద్ధతిని జాగ్రత్తగా ఎన్నుకొనవలెను. పొలము అంచులవరకు కోయక, పరిగెను బీదలకు విడిచిపెట్టవలెనని లేవీయకాండము చెప్పుచున్నది. యజమానునికి పంటలో అధికభాగము దక్కుచున్నది; కనుక వాడు మరల విత్తును. బీదవాడు తన చేతులతో ఏరుకొనుచున్నాడు; కనుక వాని మర్యాద చెడదు. చిల్లు చిన్నది, సాయము నిజమైనది. బోయజు ఇంకొక అడుగు ముందుకు వేసి, పనలలోనుండి కొన్ని వెన్నులను కావలెననియే జారవిడువుడని తన పనివారితో చెప్పెను (రూతు 2:16).

రెండవది: ధాన్యముతోపాటు పనిముట్టు కూడ పంచవలెను. భూమిమీద హక్కు, చదువు, ఆరోగ్యము, న్యాయమైన వడ్డీకి అప్పు, వీటిని పంచినప్పుడు బొక్కెన కారుట అటుండగా బావియే ఊరును. మన పూర్వులలో అనేకులు పల్లెబడిలో అక్షరములు నేర్చుకొనినందున కదా వారి పిల్లలు నేడు ఉపాధ్యాయులును నర్సులును అయిరి.

మూడవది: కొన్ని సమయములలో నిజమైన నష్టమునకు ఒప్పుకొనవలసియుండును. పనిచేయలేని వృద్ధురాలికి ఇచ్చు పింఛనువలన పంట పెరుగదు. మొత్తపు ఐశ్వర్యము కొంత తగ్గినను, ఆమె అన్నము తినవలెను. ఇది లెక్కలో తప్పు కాదు. దేనికొరకు లెక్క వేయుచున్నామో మరువకుండుట. పౌలు కొరింథీయులకు వ్రాసినదియు ఇట్టిదే. ఇచ్చువారు ఇబ్బందిపాలు కావలెనని ఆయన కోరలేదు; ఒకరి సమృద్ధి మరియొకరి కొరతకు అందవలెనని కోరెను. పనిచేయనొల్లనివాడు భోజనము చేయకూడదని థెస్సలొనీకయులకు వ్రాసినవాడును ఆయనయే (2 థెస్స. 3:10). ఒల్లనివాడు వేరు, చేయజాలనివాడు వేరు.

నాలుగవది: ఎంత కారుట సహింపదగినదో నిర్ణయించునప్పుడు, నిండుకుండ గలవారినే అడిగి ఊరకుండరాదు. వారికి చిల్లు స్పష్టముగా కనబడును. దూరమున వట్టికుండతో నిలిచియున్నవాడు కనబడడు. మన సంఘ కమిటీలలో బీదల నిధిని గూర్చి మాటలాడునప్పుడు, ఆ నిధినుండి సాయము పొందినవారు ఒక్కరైనను కూర్చుందురా? ఇది పెద్ద దేశపు ప్రశ్న కాదు. వచ్చే నెల కూటములోనే మనము సరిచేసికొనగలది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పైన చెప్పిన మూడు ఊళ్లలో మన ఊరు దేనిని పోలియున్నది? ఇరువది సంవత్సరముల క్రిందట దేనిని పోలియుండెను?

2. మత్తయి 20:1–16 చదువుడి. అందరికిని ఒకే కూలి ఇచ్చిన ఆ యజమానుని తోటకు మరునాడు పనివారు ఏ గంటకు వత్తురు? ఆ యజమానుడు ఎవరి సొమ్ముతో దయ చూపెను?

3. మన సంఘపు కోతపండుగ కానుకలో బీదలకు చేరునది ఎంత? దారిలో కారునది ఎంత? ఆ చిల్లును పూడ్చుటకు మనము ఎవరిని ఏర్పరచవలెను?